మొదటి పెట్టుబడి ఇంటికి డబ్బు ఎలా సమకూర్చుకోవాలి: కొత్త మదుపరులకు సమగ్ర మార్గదర్శి

మన దగ్గర చేతి అప్పు ఇచ్చేవారు ఏడాదికి ఇంత శాతమని చెప్పరు, నూటికి నెలకు రెండు రూపాయలనో రూపాయిన్నరనో అంటారు. బ్యాంకు మాత్రం ఏడాదికి, ఉదాహరణకు, 8.5 శాతమని కాగితం మీద రాసి ఇస్తుంది. ఎనిమిదిన్నర ముందు రెండు చిన్న అంకెలాగే వినిపిస్తుంది కాబట్టి, స్థిరాస్తి కొనాలన్న తొందరలో ఉన్నవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండానే సంతకం చేస్తారు. ఇప్పటికే సొంత ఇల్లు ఉండి లేదా అద్దె ఇంట్లోనే ఉంటూ, పెట్టుబడి కోసం మొదటిసారి ఒక ఫ్లాటో ప్లాటో కొనాలనుకుంటున్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులను, చిన్న వ్యాపారులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాశాను. అప్పు ఎంత పుడుతుందన్నది ఇందులో రెండో ప్రశ్నే. అద్దె రాకపోయినా, కొన్నది అమ్ముడుపోకపోయినా ఆ అప్పును ఎన్నాళ్లు మోయగలరన్నది మొదటి ప్రశ్న.

మొదటి దశ: అన్ని అప్పులనూ ఒకే కొలతకు తేవడం

ఏడాది వడ్డీ శాతాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు నూటికి ఎన్ని రూపాయలో తెలుస్తుంది. 8.5 శాతం గృహరుణం అంటే సుమారు డెబ్బై పైసల వడ్డీ. ఉన్న ఆస్తిని తాకట్టు పెట్టి తీసుకునే రుణం 10 శాతం చొప్పున దొరికితే ఎనభై మూడు పైసలు పడుతుంది. వ్యక్తిగత రుణం 12 నుంచి 16 శాతం మధ్య ఉంటే రూపాయి నుంచి రూపాయి ముప్పై మూడు పైసలు అవుతుంది. రెండు రూపాయల చేతి అప్పు ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలది 36 శాతం. ఈ లెక్క చిన్నపిల్లలది అనిపించవచ్చు గాని, దాన్ని కాగితం మీద వేయకపోవడం వల్ల నేను సొంతంగా నష్టపోయాను.

కొన్నేళ్ల క్రితం షాద్‌నగర్ వైపు ఒక ప్లాటుకు బయానా ఇచ్చి, తొంభై రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాను. మిగతా సొమ్ముకు బ్యాంకు ప్లాటు రుణం వస్తుందన్న ధీమాతో ఉంటే, అది గ్రామపంచాయతీ లేఅవుటు అని, డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి లేదని బ్యాంకు న్యాయవాది తిప్పి పంపారు. బయానా పోతుందన్న భయంతో రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఆ ప్రామిసరీ నోటు తీర్చడానికి 26 నెలలు పట్టింది. నెలకు 12 వేల చొప్పున వడ్డీయే 3 లక్షల 12 వేలు కట్టాను. అసలులో సగానికి పైగా వడ్డీకే పోయిందన్నమాట.

రెండో దశ: చేతి డబ్బు ఎంత కావాలో తేల్చుకోవడం

గృహరుణంలో బ్యాంకు ఎంత వాటా ఇవ్వవచ్చో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. రుణం 30 లక్షల వరకు అయితే ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం మించకూడదు. ఇవి గరిష్ఠ పరిమితులే గనుక బ్యాంకు అంతకన్నా తక్కువ ఇవ్వవచ్చు. మరొక సంగతి చాలామందికి ఆఖరు నిమిషంలో తెలుస్తుంది. పది లక్షల లోపు ఇళ్లకు తప్ప, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఈ విలువలో కలపరు. కాబట్టి ఆ సొమ్మంతా కొనుగోలుదారు చేతి నుంచే రావాలి.

హైదరాబాద్‌లో 60 లక్షలకు దొరికే ఒక రెండు పడకగదుల పాత ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. బ్యాంకు గరిష్ఠంగా 48 లక్షలు ఇస్తుంది, మార్జిన్‌గా మీరు పెట్టవలసింది 12 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. దానికి 4.5 లక్షలు. మధ్యవర్తికి ఒక శాతం చొప్పున 60 వేలు, బ్యాంకు ప్రాసెసింగ్, న్యాయ పరిశీలన, విలువ మదింపులకు ఒక 30 వేలు, రంగులు, కుళాయిలు, వైరింగ్ వంటి మరమ్మతులకు లక్షన్నర వేసుకుంటే, పన్నెండు అనుకున్నది దాదాపు 19 లక్షలకు చేరుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే దీనికి తోడు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్టీ ఉండదు.

ఈ 19 లక్షలకు అదనంగా కనీసం ఆరు నెలల వాయిదాల సొమ్మును వేరే ఖాతాలో ఉంచలేనివారు కొనుగోలును వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఉద్యోగంలో ఒడిదుడుకులు ఎప్పుడు వస్తాయో ఐటీ రంగంలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు.

మూడో దశ: నెలవారీ మోత లెక్క

48 లక్షల రుణాన్ని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల కాలానికి తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 41,650 రూపాయలు వస్తుంది. లక్షకు 868 రూపాయలని గుర్తుపెట్టుకుంటే ఎంత రుణానికైనా నోటి లెక్క వేయవచ్చు. మొదటి ఏడాది కట్టే దాదాపు 5 లక్షల్లో 4 లక్షల 4 వేల వరకు వడ్డీకే పోతుంది, అసలులో తీరేది లక్షకు లోపే. అదే ఫ్లాటుకు నెలకు 18 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని, ఆస్తి పన్ను, చిల్లర మరమ్మతులకు 18 వేలు పోతాయని అనుకుంటే చేతికి మిగిలేది 1 లక్షా 80 వేలు. అంటే ఏడాదికి దాదాపు 3 లక్షల 20 వేలు, నెలకు 26 వేలకు పైగా, జీతంలో నుంచి ఈ ఇంటికి పోస్తూ ఉండాలి.

పెట్టుబడి లాభమో నష్టమో తేలాలంటే మరొక మెట్టు లెక్క వేయాలి. వడ్డీలో అద్దె పోగా మిగిలిన భారం సుమారు 2 లక్షల 24 వేలు. మీరు పెట్టిన 19 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి ఉండి ఉంటే వచ్చే 1 లక్షా 33 వేలను కూడా ఖర్చుగానే చూడాలి. రెండూ కలిపితే 3 లక్షల 57 వేలు, అంటే 60 లక్షల మీద దాదాపు 6 శాతం. ఫ్లాటు ధర ఏటా 6 శాతం పెరిగితే మీరు ఉన్నచోటే ఉంటారు, అంతకు మించి పెరిగినదే లాభం. మధ్యవర్తి చెప్పే ధరల కథనంతా ఈ ఒక్క అంకె పక్కన పెట్టి వినాలి.

వడ్డీ రేటు మారుతుందన్న సంగతీ లెక్కలో ఉండాలి. 2019 అక్టోబరు 1 తరువాత బ్యాంకులు ఇచ్చే చలన వడ్డీ (ఫ్లోటింగ్) గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుకు, ఎక్కువగా రిజర్వు బ్యాంకు రెపో రేటుకు (అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి) ముడిపడి ఉంటాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు, చాలామందికి వాయిదా మారకుండానే గడువు ఏళ్ల తరబడి సాగిపోయింది. ఆ తరువాత, 2023 ఆగస్టులో, రేటు మారిన ప్రతిసారీ వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్న ఎంపికను రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పై ఉదాహరణలో రేటు 9.5 శాతానికి పెరిగితే వాయిదా సుమారు 3,100 రూపాయలు పెరుగుతుంది. ఆ పెరిగిన వాయిదానే ఇప్పటి వాయిదా అనుకుని మీ ఇంటి ఖర్చులు సరిచూసుకోండి.

నాలుగో దశ: గృహరుణానికి సిద్ధం కావడం

పెట్టుబడి ఇంటికి కూడా అన్నిటికన్నా చౌకగా దొరికేది గృహరుణమే. రెండో ఇంటి వరకు బ్యాంకులు పెద్దగా అభ్యంతరం చెప్పవు. మూడో ఇంటి నుంచి మాత్రం దాన్ని వాణిజ్య స్థిరాస్తి రుణంగా లెక్కించడం వల్ల వడ్డీ, షరతులు కఠినమవుతాయి.

ఇల్లు వెతకడానికి ముందే సిబిల్ నివేదిక (మీ అప్పుల చెల్లింపు చరిత్ర) తీసి చూసుకోవాలి. స్కోరు 750 దాటి ఉంటే వడ్డీ బేరమాడే వీలుంటుంది. ఎప్పుడో వాడి మూసేశామనుకున్న క్రెడిట్ కార్డులో ఏడెనిమిది వందల బకాయి కనిపించి స్కోరు పడిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇటువంటివి సరిచేసుకోవడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది కాబట్టి ముందుగానే మొదలుపెట్టాలి.

తరువాత మీ ఆదాయం ఎంత రుణాన్ని మోస్తుందో బ్యాంకు ఎలా చూస్తుందో తెలుసుకోవాలి. చేతికి వచ్చే జీతంలో అన్ని వాయిదాలూ కలిపి సగం మించకూడదన్నది స్థూలంగా బ్యాంకులు పాటించే కొలత. నెలకు లక్ష చేతికి వచ్చే వ్యక్తికి 12 వేల కారు వాయిదా ఉంటే, కొత్త రుణానికి మిగిలేది 38 వేలు, దానికి దొరికేది సుమారు 43 లక్షల 75 వేలు. కారు రుణంలో మిగిలింది లక్షో లక్షన్నరో అయితే ముందు అది తీర్చేయడమే రుణ అర్హత పెంచుకోవడానికి సులువైన దారి. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే ఇద్దరి ఆదాయాన్నీ కలపవచ్చు, మహిళ పేరున ఉంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో స్వల్ప రాయితీ ఇస్తాయి. బావమరిదితోనో స్నేహితుడితోనో కలిసి కొనాలనుకునేవారు బ్యాంకును ముందే అడగడం మంచిది. దస్తావేజులో పేరున్న వారంతా సాధారణంగా రుణంలోనూ చేరాలి, స్నేహితుల జంటను చాలా బ్యాంకులు ఒప్పుకోవు.

ముందస్తు మంజూరు పత్రం చేతిలో పెట్టుకుని ఇల్లు చూస్తే బేరంలో బలం ఉంటుంది. ఇల్లు కుదిరాక బయానా ఇచ్చే అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించాలి. బ్యాంకు న్యాయ పరిశీలనలో లోపం తేలి రుణం రాకపోతే బయానా మొత్తం ఫలానా రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నదే ఆ వాక్యం. షాద్‌నగర్ అగ్రిమెంటులో అది లేకపోవడం వల్లే నేను చిక్కుకున్నాను. బ్యాంకు న్యాయవాది లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), తరచుగా 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ప్లాను అనుమతి, పన్ను రసీదులు అడుగుతారు. నిషేధిత ఆస్తుల 22-ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) అవునేమో, చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోకి వస్తుందేమో మీరే ముందుగా చూసుకోవాలి. ఒక బ్యాంకు కాగితాలు బాగాలేవని కాదంటే ఇంకో చోట ప్రయత్నిద్దామని మధ్యవర్తి అంటారు. ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగానో మాటలోనో రాబట్టేదాకా అడుగు ముందుకు వేయకండి. బ్యాంకు తిరస్కారం మీకు ఉచితంగా దొరికిన న్యాయ సలహా.

ఐదో దశ: మార్జిన్ సొమ్ముకు దారులు

దాచుకున్నది చాలనప్పుడు మనవాళ్లు ముందుగా చూసేది బీరువాలోని బంగారం వైపు. బ్యాంకులో బంగారం తాకట్టు రుణం గృహరుణం కన్నా కొద్దిగానే ఎక్కువ వడ్డీకి దొరుకుతుంది, ఒక్క పూటలో చేతికి వస్తుంది. ఏడాదిలో తీరుతుందన్న స్పష్టమైన రాబడి, ఉదాహరణకు రావలసిన బోనస్ లేదా గడువు తీరబోయే డిపాజిట్, ఉన్నప్పుడు మాత్రమే ఇది సరైన దారి. లేకపోతే ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోవడమే అవుతుంది.

చిట్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నెలకు 20 వేల చొప్పున 25 మంది, 25 నెలలు కట్టే 5 లక్షల చిట్టీని తీసుకుందాం. ఐదో నెలలో ఒకరు లక్షా పాతిక వేలు తగ్గించి పాడుకుంటే వారి చేతికి వచ్చేది 3 లక్షల 75 వేలు. తగ్గించిన దానిలో నిర్వాహకుల కమిషన్, చిట్టీ మొత్తంలో 5 శాతం, అంటే 25 వేలు పోగా, మిగిలిన లక్షను 25 మందికి పంచితే తలా 4 వేలు. ఆ నెల అందరూ 16 వేలే కడతారు. తొలి నెలల్లో పాడుకున్నవారు వదులుకునే సొమ్మును వడ్డీగా లెక్కవేస్తే అది బ్యాంకు రుణం కన్నా బరువుగానే తేలుతుంది. కాబట్టి చిట్టీని అప్పుగా కాక, మార్జిన్ కూడబెట్టే సాధనంగా వాడుకోవాలి. రెండేళ్ల తరువాత కొనాలని ఇప్పుడే నిర్ణయించుకుని, చివరి నెలల్లో పాట పాడుకునేలా చేరడం మంచిది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలోనే చేరాలి. పాడుకున్నాక ష్యూరిటీలు అడుగుతారు, ప్రభుత్వ ఉద్యోగి సంతకం దొరకక నెలల తరబడి డబ్బు చేతికి రానివారు ఉన్నారు. కాబట్టి ష్యూరిటీలు ఇచ్చేదెవరో చేరిన రోజే తేల్చుకోవాలి.

ఊళ్లో ఇల్లు ఉన్నవారు దాని మీద తాకట్టు రుణం తీసుకోవచ్చు. సాధారణంగా విలువలో సగం నుంచి 65 శాతం వరకు ఇస్తారు. అయితే పెట్టుబడి ఇల్లు దెబ్బతింటే తలదాచుకునే ఇల్లు కూడా పోయే ప్రమాదం ఇందులో ఉంది. అమ్మానాన్నల పేరున ఉన్న ఇంటిని ఇందుకు వాడటం నాకు ఏ కోశానా నచ్చదు. ఇప్పటికే నడుస్తున్న గృహరుణం మీద టాప్-అప్ (అదనపు రుణం) తీసుకోవడం దీనికన్నా సులువు. వ్యక్తిగత రుణంతో మార్జిన్ కట్టడం, చేతి అప్పుతో కట్టడం రెండూ వద్దు. వ్యక్తిగత రుణం సిబిల్‌లో కనబడి గృహరుణ అర్హతనే తగ్గిస్తుంది.

ఆరో దశ: ప్లాటు, నిర్మాణంలో ఉన్న ఫ్లాటు, ప్రీలాంచ్

ప్లాటుకు రుణం హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ వంటి ప్రణాళికా సంస్థల అనుమతి ఉన్న లేఅవుటులోనే దొరుకుతుంది. ఫ్లాటు కన్నా తక్కువ వాటా, తక్కువ గడువు ఇస్తారు, నిర్ణీత కాలంలో ఇల్లు కట్టాలన్న షరతు ఉంటుంది. అద్దె రాదు, ఇల్లు కట్టేదాకా వడ్డీకి పన్ను మినహాయింపూ ఉండదు. వ్యవసాయ భూమికి గృహరుణం రాదు. వెంచర్ల వారు ఇచ్చే సున్నా వడ్డీ వాయిదాల్లో చివరి వాయిదా కట్టేదాకా రిజిస్ట్రేషన్ చేయరు. ఆలోగా ఆ భూమిని వారు ఎక్కడ తాకట్టు పెట్టారో ఈసీ తీయకపోతే మీకు తెలియదు.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు బ్యాంకు పని జరిగిన మేరకు విడతలుగా సొమ్ము విడుదల చేస్తుంది. పని నిలిచిపోతే విడుదలా నిలుస్తుంది, ఇది మీకు రక్షణ. ఆ కాలంలో విడుదలైన మేరకు వడ్డీ మాత్రమే కడుతుంటారు, అసలు తగ్గదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) పేరుతో, అవిభాజ్య భూమి వాటా రిజిస్టర్ చేస్తామంటూ మొత్తం సొమ్మును ఒకేసారి తీసుకునే పద్ధతి చాలామందిని ముంచింది. రెరా నంబరు లేనిదానికి బ్యాంకు రుణం ఇవ్వదు గనుకే వారు పూర్తి సొమ్ము అడుగుతారు. చదరపు అడుగుకు వెయ్యి, రెండు వేలు తక్కువని ఆశపడి, బంగారం, పీఎఫ్ తీసి కట్టినవారు ఇప్పుడు ఆ భూమిలో గజాల లెక్కన వాటాదారులుగా మిగిలారు. నెలకు ఇంత అద్దె గ్యారంటీ, రెండేళ్లకు రెట్టింపు ధరకు తిరిగి కొంటాం అనే పథకాలు కూడా ఈ కోవలోవే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకాన్ని యాజమాన్య బదిలీగా పరిగణించలేమని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

ఏడో దశ: వైటు, బ్లాకు, పన్ను

60 లక్షల ఫ్లాటును 40 లక్షలకే రిజిస్టర్ చేద్దాం, స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని అమ్మేవారు అంటే ఆ పొదుపు ఒకటిన్నర లక్ష. బ్యాంకు మాత్రం 40 లక్షల మీదే లెక్క వేసి 32 లక్షలు ఇస్తుంది, మిగిలిన 28 లక్షలు మీరే తేవాలి. తరువాత అమ్మేటప్పుడు మీ కొనుగోలు ధర 40 లక్షలేనని కాగితం చెబుతుంది కాబట్టి, లేని లాభానికి కూడా 12.5 శాతం మూలధన లాభాల పన్ను కట్టాలి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ధర 50 లక్షలకు తగ్గకపోతే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టడం కొనేవారి బాధ్యత. అమ్మేవారు ఎన్నారై అయితే టీడీఎస్ లెక్కే వేరు, ఆడిటరును అడగకుండా చెల్లించవద్దు.

గృహరుణంతో పన్ను ఆదా అన్న మాట ఇప్పుడు సగమే నిజం. పాత పన్ను విధానంలో అద్దెకిచ్చిన ఇంటి వడ్డీ అద్దెను మించితే, ఆ నష్టంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలో నుంచి తగ్గించుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి అది 60 వేలకు పైగా ఆదా. కొత్త విధానంలో వడ్డీని అద్దె ఆదాయం మేరకే తగ్గించుకోగలరు, జీతం జోలికి పోలేరు. కొత్త విధానంలో ఉన్నవారు పైన వేసిన 6 శాతం లెక్కలో పన్ను ఆదాను కలుపుకోకూడదు.

ఎనిమిదో దశ: 19 లక్షలు లేనివారికి, విదేశాల్లో ఉన్నవారికి

రెండు మూడు లక్షలతో మొదలుపెట్టాలనుకునేవారికి రీట్లు (అద్దె వచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాలు అమ్మే ట్రస్టులు) ఉన్నాయి. 2019 నుంచి మన స్టాక్ మార్కెట్లో ఇవి లిస్టవుతున్నాయి, డీమ్యాట్ ఖాతాతో ఒక్క యూనిట్ కూడా కొనవచ్చు. పంచదగిన నగదులో కనీసం 90 శాతాన్ని పంచాలన్న నియమం వీటికి ఉంది. మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాల అద్దెలో వాటా కావాలంటే మైండ్‌స్పేస్ రీట్ యూనిట్ల ద్వారా పొందవచ్చు. అప్పు అవసరం లేకపోవడమే దీని గొప్ప. యూనిట్ ధర పడితే పెట్టుబడి విలువ తగ్గుతుందన్నది మరవకూడదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారికి కూడా ఇక్కడి బ్యాంకులు గృహరుణం ఇస్తాయి. వాయిదాలు ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి కట్టాలి. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. ఫామ్ ప్లాటు అమ్మే వారు ఈ సంగతి చెప్పరు. ఇక్కడివారికి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

తొమ్మిదో దశ: తీర్చడం, కాగితాలు వెనక్కు తెచ్చుకోవడం

వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ గృహరుణాన్ని ముందుగా తీరిస్తే బ్యాంకు రుసుము వసూలు చేయకూడదు. మొదటి ఏళ్లలో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీయే కాబట్టి, అప్పుడు కట్టే అదనపు లక్ష చివర్లో కట్టే లక్ష కన్నా ఎన్నో రెట్లు పని చేస్తుంది. అద్దె పెరిగిన ప్రతిసారీ ఆ పెరుగుదలను అదనంగా కట్టి అసలుకు జమ చేయించండి. రుణం పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు బ్యాంకే చెల్లించాలి. దస్తావేజులు తీసుకునేటప్పుడు బ్యాంకు మొదట ఇచ్చిన జాబితాతో పుట పుటా సరిచూసుకోవాలి. తరువాత సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తాకట్టు విడుదల పత్రం రిజిస్టర్ చేయించి, ఒక వారం ఆగి కొత్త ఈసీ తీసి, అందులో తాకట్టు నమోదు కింద విడుదల నమోదు కూడా కనిపిస్తోందో లేదో చూడాలి. అది కనిపించకపోతే మీరు అమ్మబోయే రోజున కొనేవారి బ్యాంకు న్యాయవాది మొదట అడిగేది దాని గురించే.